అవార్డుల జాబితాల్లో మహిళా దర్శకులు ఎందుకు కనిపించరు? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లో కాలేజీ హాళ్లలోనూ గ్రంథాలయాల్లోనూ సినిమాలు చూపించి, చూసినవాళ్లతో కూర్చుని మాట్లాడే పని మేము కొంతకాలంగా చేస్తున్నాం. మహిళలు తీసిన సినిమా చూపించిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. డిగ్రీ విద్యార్థినులు అడుగుతారు, వాళ్ల నాన్నలు అడుగుతారు, లెక్చరర్లు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాం.

అవార్డు రాకపోతే రాలేదు. నామినేషన్ రాలేదని ఎందుకు బాధపడాలి?

అవార్డు ఒక్కరికే వస్తుంది. నామినేషన్ అంటే ఆ ఏడాది గుర్తుంచుకోవలసిన పనిమంతులు వీళ్లని ఆ రంగమే ప్రకటించడం. ఆస్కార్‌లో ఉత్తమ దర్శకత్వానికి ఏటా ఐదుగురిని ఎంపిక చేస్తారు. ఆ ఐదు పేర్లే పత్రికల్లో వస్తాయి, సినిమా చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కుతాయి, తర్వాతి సినిమాకు డబ్బు పెట్టే నిర్మాతకు భరోసా ఇచ్చే కాగితంగా మారతాయి. పోటీలో ఓడిపోయినవాళ్ల పేరు లోకానికి తెలుస్తుంది. జాబితాకే ఎక్కనివాళ్ల పేరు తెలియదు. అన్యాయం జరిగేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే కాబట్టి మేము దీని గురించే ఎక్కువ మాట్లాడతాం.

ఆస్కార్‌లో ఇప్పటివరకు ఎంతమంది మహిళా దర్శకులు నామినేట్ అయ్యారు?

1929లో మొదలైన ఆస్కార్ వేడుక 2025 నాటికి 97 సార్లు జరిగింది. ఇన్నేళ్లలో ఉత్తమ దర్శకత్వ విభాగంలో నామినేషన్ పొందిన మహిళలు 9 మంది. జేన్ కాంపియన్‌కు రెండుసార్లు వచ్చింది కాబట్టి మొత్తం నామినేషన్లు 10.

మొదటి పేరు ఇటలీకి చెందిన లీనా వెర్ట్‌ముల్లర్‌ది. అది 1977 వేడుక. అంటే ఒక మహిళ పేరు జాబితాలోకి రావడానికే 48 ఏళ్లు పట్టింది. ఆ తర్వాత 1994లో జేన్ కాంపియన్ వచ్చేదాకా మరో పేరు లేదు. 2004లో సోఫియా కొప్పోలా. 2010లో కాథరిన్ బిగెలో నామినేట్ కావడమే కాదు, గెలిచారు కూడా. ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్ అందుకున్న మొదటి మహిళ ఆమె.

2018 నుంచి వేగం కొంత పెరిగింది. ఆ ఏడాది గ్రెటా గెర్విగ్, 2021లో క్లోయీ ఝావో, ఎమరాల్డ్ ఫెనెల్, 2022లో రెండోసారి కాంపియన్, 2024లో జస్టిన్ ట్రియే, 2025లో కోరలీ ఫార్జా. వీరిలో ఝావో, కాంపియన్ అవార్డు గెలిచారు. ఒకే ఏడాది ఇద్దరు మహిళలు జాబితాలో ఉండటం 2021లోనే మొదటిసారి.

ఈ లెక్కలో మేము మరీ మరీ చూపించేది ఒకటుంది. మొదటి 89 వేడుకల్లో కలిపి మహిళలకు వచ్చిన నామినేషన్లు 4. ఆ తర్వాతి 8 వేడుకల్లో 6. మహిళలకు ప్రతిభ 2018లో హఠాత్తుగా పుట్టుకురాలేదు. 2016 జనవరిలో ఆస్కార్ అకాడమీ తన సభ్యుల్లో మహిళల సంఖ్యను 2020 నాటికి రెట్టింపు చేస్తామని ప్రకటించి, కొత్త సభ్యులను పెద్ద ఎత్తున చేర్చుకుంది. ఓటు వేసేవాళ్లు మారారు, పేర్లు మారాయి. మా దృష్టిలో అసలు కారణం అదే.

సినిమా ఉత్తమ చిత్రం పోటీలో ఉంటుంది, తీసిన ఆమె మాత్రం ఉండదు. ఇది ఎలా సాధ్యం?

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ఆస్కార్‌లో ఉత్తమ చిత్రానికి నామినేషన్లు అకాడమీ సభ్యులందరూ వేస్తారు. ఉత్తమ దర్శకత్వానికి మాత్రం దర్శకుల విభాగంలోని సభ్యులే వేస్తారు. ఆ విభాగంలో చాలాకాలం మగవారిదే పూర్తి ఆధిక్యం. అందువల్ల విచిత్రమైన ఫలితాలు వచ్చాయి. రాండా హైన్స్ తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ ఎ లెసర్ గాడ్’ (1986) ఉత్తమ చిత్రం పోటీలో నిలిచింది, దర్శకుల జాబితాలో ఆమె లేరు. పెన్నీ మార్షల్ తీసిన ‘అవేకెనింగ్స్’ (1990) విషయంలోనూ అంతే. బార్బ్రా స్ట్రైసాండ్ తీసిన ‘ది ప్రిన్స్ ఆఫ్ టైడ్స్’ (1991) ఏకంగా ఏడు నామినేషన్లు తెచ్చుకుంది, దర్శకత్వానికి తప్ప. ఆ ఏడాది వేడుకలో వ్యాఖ్యాత బిల్లీ క్రిస్టల్ తన పాటలోనే అడిగారు, ఈ సినిమా తనను తానే తీసుకుందా అని. సభ అంతా నవ్వింది. ప్రశ్న మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

తర్వాత కూడా ఆగలేదు. ఏవా డువర్నే ‘సెల్మా’ (2014), గ్రెటా గెర్విగ్ ‘లిటిల్ విమెన్’ (2019), మళ్లీ గెర్విగ్‌దే ‘బార్బీ’ (2023). అన్నీ ఉత్తమ చిత్రం పోటీలో నిలిచినవే. ఏ ఒక్కదానికీ దర్శకత్వ నామినేషన్ రాలేదు.

ఇలాంటి సినిమాలను మెచ్చుకునే తీరు గమనించండి. నటి అద్భుతంగా చేసింది అంటారు. కథ బలమైనది అంటారు. సంగీతం బాగుంది, కెమెరా బాగుంది అంటారు. ఆ నటిని అలా చేయించింది ఎవరు, ఆ కథను అలా చెప్పాలని నిర్ణయించింది ఎవరు, ఆ కెమెరాను అక్కడ పెట్టమన్నది ఎవరు అన్న మాట రాదు. అదే మగవాడు తీసిన సినిమా అయితే మొదటి వాక్యంలోనే దర్శకుడి దృష్టి, దర్శకుడి పట్టు అని రాస్తారు. మంచి సినిమా తీసిన మహిళకు పొగడ్తలు అందరికీ పంచాకే అందుతాయి, ఆమె చేతికి వచ్చేసరికి మిగిలేది తక్కువ. పక్షపాతం ఎప్పుడూ తిట్టు రూపంలోనే రాదు. ఈ రకం పొగడ్తలోనూ ఉంటుంది.

ఉత్తమ చిత్రానికి పది సినిమాలు, దర్శకత్వానికి ఐదుగురు. ఎవరో ఒకరు మిగిలిపోవడం లెక్క ప్రకారమే కదా?

నిజమే, ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. 2010 వేడుక నుంచి ఉత్తమ చిత్రం పోటీలో ఐదుకంటే ఎక్కువ సినిమాలు ఉంటున్నాయి. కాబట్టి కొందరు దర్శకులు తప్పక మిగులుతారు. ‘బార్బీ’ ఒక్కదాన్నే చూపించి వివక్ష అని తేల్చేస్తే మేమూ ఒప్పుకోం. ఆ ఏడాది జాబితాలో ట్రియే ఉన్నారు కూడా.

కానీ హైన్స్, మార్షల్, స్ట్రైసాండ్‌ల కాలంలో సినిమాలూ ఐదే, దర్శకులూ ఐదుగురే. అప్పుడు కూడా జారిపోయింది వాళ్ల పేర్లే. ఒక్క ఉదాహరణను కొట్టిపారేయవచ్చు. ఇన్ని దశాబ్దాల వరుసను కొట్టిపారేయలేం.

మన జాతీయ చలనచిత్ర పురస్కారాల సంగతి ఏమిటి?

జాతీయ పురస్కారాల్లో నామినేషన్ల పద్ధతి లేదు. నిర్మాతలు సినిమాలను పంపుతారు, ప్రాంతీయ కమిటీలు చూసి వడపోస్తాయి, కేంద్ర కమిటీ తుది నిర్ణయం చేస్తుంది. మనకు తెలిసేది విజేతల పేర్లే. ఎవరిని పరిశీలించారో, ఎవరిని ఏ దశలో పక్కన పెట్టారో బయటకు రాదు.

ఉత్తమ దర్శకత్వ పురస్కారం 15వ జాతీయ పురస్కారాల నుంచి ఉంది, అంటే 1967 సినిమాల నుంచి. ఇంతకాలంలో అది అందుకున్న మహిళ అపర్ణా సేన్ ఒక్కరే. 1981లో ‘36 చౌరంగీ లేన్’కు, 2002లో ‘మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్’కు. సాయి పరాంజపే ఉన్నారు, అరుణా రాజే ఉన్నారు, మీరా నాయర్, దీపా మెహతా, కల్పనా లాజ్మీ ఉన్నారు. వీళ్లంతా పనిచేసిన దేశంలో ఒకే ఒక్క పేరు. అపర్ణా సేన్‌ను రెండుసార్లు గుర్తించినందుకు సంతోషమే. మిగతా కాలమంతా ఖాళీగా ఉండటం సంతోషించదగ్గ విషయం కాదు.

సుధా కొంగరకు జాతీయ అవార్డు వచ్చింది కదా?

వచ్చింది. దాన్ని తక్కువ చేయకూడదు. విజయవాడలో పుట్టి, మణిరత్నం దగ్గర పని నేర్చుకున్న సుధా కొంగర తెలుగులో ‘గురు’ (2017) తీశారు. తమిళంలో తీసిన ‘సూరరై పోట్రు’ (2020) 68వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఆ పురస్కారం నిర్మాతతోపాటు దర్శకురాలికీ చెందుతుంది. ఉత్తమ నటుడిగా సూర్య (అజయ్ దేవగణ్‌తో కలిపి), ఉత్తమ నటిగా అపర్ణా బాలమురళి, నేపథ్య సంగీతానికి జి.వి. ప్రకాశ్‌కుమార్ ఎంపికయ్యారు. స్క్రీన్‌ప్లేకు శాలినీ ఉషా నాయర్‌తో కలిపి సుధకే ఇచ్చారు.

సినిమా ఉత్తమం, నటుడు ఉత్తముడు, నటి ఉత్తమురాలు, రచన ఉత్తమం, నేపథ్య సంగీతం ఉత్తమం. దర్శకత్వ పురస్కారం మాత్రం మలయాళ దర్శకుడు సాచీకి, మరణానంతరం వెళ్లింది. సాచీ గొప్ప దర్శకుడు, ఆయనకు రావడంలో తప్పేమీ లేదు. రెండు పురస్కారాలు రెండు సినిమాలకు పంచడం కమిటీలు తరచూ చేసే పనే. అయినా ఇందాక చెప్పిన విషయం ఇక్కడా కనిపిస్తోందా లేదా అన్నది మీరే చూడండి. ఇన్ని విభాగాల్లో ఉత్తమమైన పనిని ఒక్కచోటికి చేర్చింది దర్శకత్వమే.

తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే గద్దర్ పురస్కారాల్లో?

గద్దర్ చలనచిత్ర పురస్కారాలను 2025 జూన్ 14న హైదరాబాద్‌లో ప్రదానం చేశారు. 2024 సినిమాలకు అన్ని విభాగాల్లోనూ ఇచ్చారు. 2014 నుంచి 2023 వరకు ఒక్కో ఏడాదికి ఉత్తమ చిత్రాలను ఎంపిక చేశారు. 2024 కమిటీకి నటి జయసుధ అధ్యక్షత వహించారు. అది మంచి విషయం.

2014 నుంచి 2024 దాకా ప్రథమ ఉత్తమ చిత్రాలుగా నిలిచిన పదకొండింటిలో ఒక్కటీ మహిళ దర్శకత్వం వహించినది కాదు. వాటిలో ‘రుద్రమదేవి’ ఉంది, ‘మహానటి’ ఉంది. రెండూ స్త్రీల జీవితాలే, రెండోదాని నిర్మాతలు కూడా మహిళలే. ‘మహానటి’ ఎవరి జీవితమో అందరికీ తెలుసు. ఆ సావిత్రి స్వయంగా దర్శకురాలన్న సంగతి మా ప్రదర్శనలకు వచ్చే పిల్లల్లో చాలామందికి తెలియదు.

పురస్కారం కొత్తది కాబట్టి దీనిపై మాకు ఆశ ఉంది. పరిశీలనకు వచ్చిన సినిమాల పూర్తి జాబితాను దర్శకుల పేర్లతో సహా ప్రభుత్వం ఏటా ప్రకటించాలని మేము కోరుతున్నాం. అప్పుడు లోపం కమిటీలో ఉందా, సినిమాలు రావడంలోనే ఉందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది.

అసలు తెలుగులో మహిళా దర్శకులు ఎంతమంది ఉన్నారు? లేనివాళ్లకు అవార్డు ఎలా ఇస్తారు?

ఉన్నారు, చాలా ముందు నుంచే ఉన్నారు. భానుమతి ‘చండీరాణి’కి 1953లో దర్శకత్వం వహించారు, అదీ తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. నటన, పాట, నిర్మాణం కూడా ఆమెవే. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. సాంకేతిక శాఖల్లో మహిళలకే పెద్దపీట వేసి, సంగీతం పి. లీల చేత చేయించారు. ఆ తర్వాత ఎన్టీఆర్‌తో ‘మాతృదేవత’ (1969) తీశారు.

ఇక విజయనిర్మల. 1973లో ‘మీనా’తో తెలుగులో దర్శకురాలయ్యారు. 44 సినిమాలు తీసి, ప్రపంచంలో అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. హాలీవుడ్‌కు లేని రికార్డు మన తెలుగు దర్శకురాలిది. మన పాఠ్యపుస్తకాల్లో గానీ సినిమా చర్చల్లో గానీ ఆమెను దర్శకురాలిగా ఎంతగా తలచుకుంటున్నాం? ‘కృష్ణగారి భార్య’ అనడంతో మాట ముగిసిపోవడం మేము చాలాసార్లు విన్నాం. విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది.

ఆ తర్వాతి తరంలో బి. జయ పత్రికారంగం నుంచి వచ్చి ‘చంటిగాడు’, ‘లవ్లీ’ తీశారు. జీవిత ‘శేషు’ నుంచి ‘శేఖర్’ దాకా తీశారు. నందినీ రెడ్డి ‘అలా మొదలైంది’ (2011), ‘ఓ బేబీ’ (2019) తీశారు. తెలుగు ‘దృశ్యం’ (2014) శ్రీప్రియ తీసినదే, వెంకటేశ్ సినిమాగానే అందరికీ గుర్తు. 2021లో సుజనా రావు ‘గమనం’తో, లక్ష్మీ సౌజన్య ‘వరుడు కావలెను’తో పరిచయమయ్యారు.

సంఖ్య తక్కువే. తెలుగులో ఏటా విడుదలయ్యే సినిమాల పక్కన పెడితే మరీ తక్కువ. నారు పోయని మడి చూపించి నాట్లు ఎందుకు పడలేదని అడిగితే జవాబేముంది? సహాయ దర్శకురాలిగా చేర్చుకునే చోటే అమ్మాయిలను వెనక్కి పంపిస్తున్నారు. అందుకే అవార్డు కమిటీలను మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేం. అమెరికాలో కూడా 2024లో అత్యధిక వసూళ్ల 250 సినిమాల దర్శకుల్లో మహిళలు 16 శాతమేనని శాన్ డియాగో స్టేట్ విశ్వవిద్యాలయం ఏటా చేసే సర్వే చెప్పింది.

పాయల్ కపాడియా సినిమాను మన దేశం ఆస్కార్‌కు ఎందుకు పంపలేదు?

2024 కాన్ చిత్రోత్సవంలో ‘ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్’ గ్రాండ్ ప్రి గెలిచింది. ప్రధాన పోటీలోకి భారతీయ సినిమా వెళ్లడం 1994 తర్వాత అదే మొదటిసారి. ఆ సినిమాకే పాయల్ గోల్డెన్ గ్లోబ్స్‌లో ఉత్తమ దర్శకత్వ నామినేషన్ పొందారు, భారతీయ మహిళల్లో అది మొదటిది.

ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగానికి ప్రతి దేశం ఒక్క సినిమానే పంపగలదు. మన తరఫున ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఎంపిక చేస్తుంది. ఆ ఏడాది కమిటీలో 13 మంది ఉన్నారు, అందరూ పురుషులే. వాళ్లు ‘లాపతా లేడీస్’ను పంపారు. పాయల్ సినిమా భారత్‌లో జరిగే యూరప్ సినిమాలా ఉందని కమిటీ భావించినట్లు ఫెడరేషన్ అధ్యక్షుడు పత్రికలకు చెప్పారు. ముంబైలో బతుకుతున్న మలయాళీ నర్సుల కథ అది. పాలమూరు నుంచి ముంబైకి పని కోసం వెళ్లిన కుటుంబాలున్న ఊళ్లలో ఆ సినిమా గురించి చెప్పినప్పుడు, అది పరాయి కథ అని ఎవరూ అనలేదు.

అయితే ‘లాపతా లేడీస్’ తీసిన కిరణ్ రావు కూడా మహిళే, అది మాకు ఎంతో ఇష్టమైన సినిమా. కాబట్టి దీన్ని మహిళపై పురుషుడిని నిలబెట్టిన కేసుగా చూపించడం సరికాదు. ఇద్దరు దర్శకురాళ్ల సినిమాలను ఎదురెదురుగా నిలబెట్టి, ఒక్క మహిళ కూడా లేని కమిటీ తేల్చడం మాత్రం మాకు నచ్చలేదు. చివరికి ‘లాపతా లేడీస్’ మొదటి వడపోతలోనే నిలవలేదు. అదే ఏడాది బ్రిటన్ పంపిన హిందీ సినిమా ‘సంతోష్’ 15 సినిమాల జాబితాకు చేరింది. దాన్ని తీసింది సంధ్యా సూరి.

ఇంతకుముందు ఈ విభాగంలో తుది నామినేషన్ దాకా వెళ్లిన భారతీయ సినిమాలు మూడే. ‘మదర్ ఇండియా’, ‘సలామ్ బాంబే’, ‘లగాన్’. నడిమిది మీరా నాయర్ తీసింది.

ప్రతిభ ఉంటే అవార్డు అదే వస్తుంది. కోటాలు పెట్టి ఇస్తే దానికి విలువేముంటుంది?

బ్రిటన్‌లో జరిగింది చెబుతాం. 2020 బాఫ్టా పురస్కారాల్లో దర్శకత్వ జాబితా అంతా పురుషులే. విమర్శలు రావడంతో వాళ్లు నియమాలు మార్చారు. మొదటి వడపోతలో మహిళలూ పురుషులూ సమానంగా ఉండాలన్నారు. విజేతను మాత్రం ఓట్లే తేల్చాయి. మరుసటి ఏడాది 2021లో ఆరుగురు నామినీల్లో నలుగురు మహిళలు. గెలిచింది క్లోయీ ఝావో. ఆమే అదే ఏడాది ఆస్కార్ కూడా గెలిచారు, అక్కడ ఏ కోటా లేదు.

తర్వాతి ఏళ్లలో బాఫ్టాలోనూ సంఖ్య మళ్లీ తగ్గింది. నియమం ఒక్కటే సర్వరోగ నివారిణి కాదు. కానీ సభ్యులు చూడవలసిన సినిమాల పట్టికలో పేరు ఉంటే చూస్తారు, చూస్తే నచ్చుతుంది. లేకపోతే చూడరు. వందల సినిమాల్లో ఏవి చూడాలన్న నిర్ణయం దగ్గరే చాలామంది మహిళల అవకాశం ముగిసిపోతోంది. విజేతను కోటాతో తేల్చాలని మేము అడగడం లేదు. సినిమాను చూసి తేల్చమంటున్నాం.

మహిళలు తీసిన సినిమాలు ఆడవు అంటారు?

2023లో ప్రపంచంలో అత్యధిక వసూళ్లు సాధించిన సినిమా ‘బార్బీ’. వసూళ్లు లేకుండా విజయనిర్మలకు 44 సినిమాలు తీసే అవకాశం ఎవరూ ఇచ్చేవారు కాదు.

పురుషులు స్త్రీల కథలు బాగా తీయలేరా?

తీయగలరు. గడీలో బానిసగా బతికిన స్త్రీ జీవితాన్ని ‘దాసి’ (1988)లో బి. నర్సింగరావు ఎంత నిజంగా చూపించారో తెలంగాణలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ సినిమాకు దుస్తుల రూపకల్పన చేసి జాతీయ పురస్కారం పొందిన సుదర్శన్ నల్లగొండ జిల్లా కళాకారుడే. ‘దాసి’ సుదర్శన్‌గానే ఆయన పేరు స్థిరపడింది. ‘ఠాగూర్’ సినిమా పాటకు జాతీయ పురస్కారం అందుకున్న సుద్దాల అశోక్‌తేజ కూడా పాత నల్లగొండ జిల్లావారే. ఈ నేల నుంచి పురస్కారాల దాకా వెళ్లిన దారి ఉంది.

మా ప్రశ్న వేరు. ఎవరు ఏ కథ తీయాలన్నది కాదు. మహిళ యుద్ధం కథ తీసినా, బాక్సింగ్ కథ తీసినా, విమానాల కంపెనీ కథ తీసినా అది దర్శకత్వంగా లెక్కకు వస్తుందా అన్నది. బిగెలో యుద్ధమే తీశారు, సుధ ‘గురు’లో బాక్సింగూ, ‘సూరరై పోట్రు’లో విమానాలూ తీశారు.

మా అమ్మాయి దర్శకత్వం నేర్చుకుంటానంటోంది. పంపమంటారా?

తండ్రులు ఈ ప్రశ్న చాలా నెమ్మదిగా, అందరూ వెళ్లాక అడుగుతారు. అడిగినందుకే మాకు గౌరవం కలుగుతుంది.

పంపండి. ముందు చదువు దారిలో పంపండి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ ప్రభుత్వ సంస్థలు, డిగ్రీ తర్వాత ప్రవేశ పరీక్ష ద్వారా చేరవచ్చు. పాయల్ కపాడియా పుణెలోనే చదివారు. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ, దృశ్య సమాచార రంగంలో డిగ్రీ ఉంది. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు. దూరం సమస్య కాదు. రాత్రి షూటింగ్ అయ్యాక ఎక్కడ ఉండాలి, ఎవరితో తిరిగి రావాలి అన్నదే సమస్య. కృష్ణానగర్‌లో నలుగురు అబ్బాయిలు ఒక గది తీసుకుని అవకాశాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడగలరు. అమ్మాయికి ఇల్లు దొరకడమే కష్టం. దర్శకులుగా మగవాళ్లే ఎక్కువ ఎందుకున్నారన్న ప్రశ్నకు సగం జవాబు ఆ గదిలోనే ఉంది.

భద్రత గురించి మీరు భయపడటంలో తప్పు లేదు. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటకు వచ్చాక సినిమా రంగంలో మహిళల పరిస్థితి దేశమంతా మాట్లాడుకుంది. తెలంగాణలో 2019లో ఏర్పాటైన కమిటీ నివేదికను కూడా వెల్లడించాలని అప్పుడు సమంత బహిరంగంగా కోరారు. చట్టం సంగతి మీ అమ్మాయికి ముందే చెప్పండి. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సినిమా నిర్మాణ సంస్థకూ అది వర్తిస్తుంది. కమిటీ లేని చోట జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. పనిలో చేరే ముందు కమిటీ ఉందా అని అడగడం అమర్యాద కాదు, ఆమె హక్కు.

డబ్బు లేకుండా మొదటి సినిమా తీయవచ్చా? తీస్తే ఎక్కడికి పంపాలి?

పది పదిహేను నిమిషాల సినిమాకు మంచి ఫోను, మాటలు స్పష్టంగా రికార్డు చేసే మైకు, సాయం చేసే ఇద్దరు ముగ్గురు స్నేహితులు చాలు. శబ్దం విషయంలో రాజీపడకండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు.

కథల కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన ఒళ్లున్నాయి. పాలమూరు వలసలున్నాయి. నారాయణపేట, గద్వాల మగ్గాల మీద ఆడవాళ్ల చేతులున్నాయి, నల్లమలలో చెంచుల పెంటలు, అంటే చిన్న గూడేలు ఉన్నాయి. 1988లోనే చట్టం నిషేధించిన జోగిని ఆచారం మిగిల్చిన జీవితాలున్నాయి. వీటిని బయటి నుంచి వచ్చినవాళ్లు చాలామంది చిత్రీకరించారు. ఈ ఇళ్లలో పుట్టిన ఆడపిల్ల కెమెరా పట్టుకుంటే ఎవరూ చూడనిది కనబడుతుందని మా నమ్మకం.

కేరళ చలచ్చిత్ర అకాడమీ తిరువనంతపురంలో ఏటా లఘుచిత్రాలు, డాక్యుమెంటరీల ఉత్సవం జరుపుతుంది. ముంబైలో రెండేళ్లకోసారి అంతర్జాతీయ ఉత్సవం ఉంటుంది. గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చిత్రోత్సవం ఇఫీలో 2021 నుంచి యువ కళాకారుల కోసం ప్రత్యేక కార్యక్రమం ఉంది. జాతీయ పురస్కారాల్లో కథాచిత్రాలు కానివాటికి వేరే విభాగం ఉంది, కానీ సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. మొదటి రోజు నుంచే ఆ ఖర్చు లెక్కలో పెట్టుకోండి. టైటిల్స్‌లో దర్శకత్వం దగ్గర మీ పేరు స్పష్టంగా వేసుకోండి. పని మీరే చేసి, మొహమాటంతో అన్న పేరో సార్ పేరో పైన పెట్టిన అమ్మాయిలను చూశాం.

కేరళ ప్రభుత్వం తన చలనచిత్ర సంస్థ ద్వారా మహిళా దర్శకుల సినిమాలకు నిధులు ఇస్తోంది. ‘నిషిద్ధో’, ‘బి 32 ముదల్ 44 వరె’ అలా వచ్చినవే. తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థ కూడా ఇలాంటి పథకం పెట్టాలన్నది మా డిమాండు. అడిగేవాళ్లు జిల్లాల నుంచి ఎక్కువగా ఉంటే ప్రభుత్వం వినక తప్పదు.

మా కాలేజీలో ప్రదర్శన పెట్టాలంటే ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

‘లాపతా లేడీస్’తో మొదలుపెట్టండి. హిందీ రానివాళ్లకు కూడా అర్థమవుతుంది, గది నిండుతుంది. రెండో నెల ‘సూరరై పోట్రు’ తెలుగు రూపం ‘ఆకాశం నీ హద్దురా’ పెట్టండి. మూడోసారి పాతది ఒకటి, వీలైతే ‘చండీరాణి’ గానీ ‘మీనా’ గానీ. హక్కులున్నవారి అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి. విద్యాసంస్థ లెటర్‌హెడ్ మీద అడిగితే అనుమతి దొరకడం తేలిక. హాలు సాయంత్రం నాలుగు గంటలలోపు ఖాళీ అయ్యేలా చూసుకోండి, లేకపోతే పల్లెలకు వెళ్లే అమ్మాయిలు చివరి అరగంట చూడకుండానే బస్సు కోసం లేచి వెళ్లిపోతారు.